నన్ను వద్దనండి మహాప్రభో!

కొత్త అమావాస్య జాతరలో అనకాపల్లి నూకాలమ్మకి ఈమధ్య ఒకే ఇంటి నుంచి రెండు మొక్కులు అందుతున్నాయి. గ్రూప్-2కి చదువుతున్న కొడుకు ‘తల్లీ, ఉద్యోగం వస్తే కోడిని కోస్తాను’ అంటాడు. వాడి వెనకే నిలబడ్డ తండ్రి, ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్నవాడు, ‘తల్లీ, ఈ ఉద్యోగం పోతే మేకపోతునే ఇస్తాను’ అంటాడు. ఊరికే పోవడం కాదు, ప్యాకేజీతో పోవాలి. ‘నువ్వు మాకు అక్కర్లేదు, ఇదిగో డబ్బు, ఇంటికెళ్ళు బాబూ’ అని సర్కారే బతిమాలి పంపాలి. అమ్మవారు రెండు దరఖాస్తులూ తీసుకుని ఆర్థిక శాఖ అభిప్రాయం కోసం పంపినట్టుంది. ఇంతవరకూ దేనికీ జవాబు లేదు.

తండ్రిగారిది నాతవరం మండలంలో ఒక ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను. చెబితే మిగతా ఆఫీసులవాళ్ళు ‘మమ్మల్నొదిలేశారేటండీ’ అని నొచ్చుకుంటారు. మంజూరైన కుర్చీలు అయిదు. మనుషులు ఇద్దరు. అందులో ఒకరు లాంగ్ లీవు. కాబట్టి తన కుర్చీ కాక మిగతా నాలుగు కుర్చీల పనీ మన సీనియర్ అసిస్టెంటు గారిదే. దీన్ని ఎఫ్‌ఏసీ అంటారు. పూర్తి అదనపు బాధ్యతలన్నమాట. జీతం ఒక కుర్చీది, మెమోలు అయిదు కుర్చీలవి. ఒక సీటులో కూర్చుని రాసిన నోటుకి రెండో సీటు నుంచి అభ్యంతరం చెప్పి, మూడో సీటు నుంచి తనకు తానే రిమైండరు పంపుకున్న అనుభవం ఆయనకుంది.

పని ఒత్తిడి మా వైపు కొత్తేమీ కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించే రోజుల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత గొడ్డుచాకిరీ చేయించి కూలి అరకొరగా విదిల్చేవాడు. వాళ్ళు మెడికల్ సర్టిఫికెట్టు పెట్టలేదు. అల్లూరి సీతారామరాజు వెనక నడిచి 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. పట్టుకుపోయిన సరుక్కి రాజుగారు స్టేషన్ రికార్డులో సంతకం కూడా పెట్టారు. ఇవాళ ఏ స్టోరు రిజిస్టరులోనూ అంత శుభ్రమైన ఎంట్రీ దొరకదు. వందేళ్ళలో మనం బాగా నాగరికులమయ్యాం. పైఅధికారి మీద కోపం వస్తే స్టేషన్ దాకా వెళ్ళం. నడుంనొప్పి తెచ్చుకుంటాం.

సర్కారు ఉద్యోగికి జబ్బు ఒంట్లో పుట్టదు. 1933 నాటి సెలవు నిబంధనల్లో పుడుతుంది. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. అవి జబ్బుకి పనికిరావు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కావాలి. 30 ఎర్న్‌డ్ లీవులు. అవి వాడుకోవడానికి కాదు, సరెండరు చేసి డబ్బు కోసం ఎదురుచూడటానికి. ఇక 20 అర్ధజీతపు సెలవులు. డాక్టరు చీటీ ఉంటే రెండు అర్ధజీతపు రోజుల్ని కలిపి ఒక పూర్తి జీతపు రోజుగా మార్చుకోవచ్చు. అదే కమ్యూటెడ్ లీవు. మొత్తం సర్వీసులో దాని గరిష్ఠ పరిమితి 240 రోజులు. అంటే పుట్టినవాడికి గిట్టేలోగా పూర్తి జీతం మీద 240 రోజుల జబ్బు మంజూరైంది. 241వ రోజు నుంచి బీపీ కూడా నిబంధనల ప్రకారమే నడుచుకోవాలి.

చిక్కేమిటంటే మన అసిస్టెంటు గారి జబ్బుకి ఈ రూల్సులో పేరు లేదు. రాత్రి నిద్ర రాదు. పొద్దున్న ఆఫీసు మెట్టు చూడగానే కడుపులో తిప్పుతుంది. ఫోను మోగితే గుండె దడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని గురించి ఆలోచించి, బర్నవుట్ అనేది వృత్తికి సంబంధించిన పరిస్థితే గాని జబ్బు కాదని తేల్చింది. జెనీవాలోనే జబ్బు కాదన్నాక నాతవరంలో ఎవడు ఒప్పుకుంటాడు? అందుకే సర్టిఫికెట్టులో వైరల్ ఫీవరు రాయించాలి. లేదా కామెర్లు. ‘పని ఎక్కువై అలసిపోయాను’ అని నిజం రాస్తే సెలవు రాదు, షోకాజు వస్తుంది. నిజం చెబితే క్రమశిక్షణ చర్య, అబద్ధం చెబితే పూర్తి జీతం. ఇలాంటి ఏర్పాటులో ముప్ఫయ్యేళ్ళు మనిషి చెడిపోకుండా ఉన్నాడంటే అది ఆయన గొప్పతనం, నిబంధనలది కాదు.

పోనీ సెలవు దొరికిందనుకుందాం. ఒంటికి దొరికింది, ఫోనుకి దొరకలేదు. లాగిన్లన్నీ ఆయన పేరుమీదే ఉన్నాయి. ‘గురువుగారూ, మీరు లీవులో ఉన్నారని తెలుసండి. రెస్టు తీసుకోండి. ఓటీపీ ఒక్కటి చెప్పెయ్యండి’ అని పొద్దున్న తొమ్మిదింటికి మొదలు. సెలైను ఎక్కుతున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో ఆరు అంకెలు చదివి వినిపించడం మా మండలంలో ఒక విద్య. పదో రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పట్టుకెళ్ళాలి. జబ్బు చేసిందంటే నమ్మని ఆఫీసు, తగ్గిందన్నా నమ్మదు. రెండు అబద్ధాలకీ ఒకే డాక్టరు సంతకం చేస్తే మాత్రం రెండూ నిజాలవుతాయి.

గ్రామ సచివాలయాల పిల్లల సంగతి ఇంకా ముచ్చటైనది. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాలు, గ్రామాలవీ వార్డులవీ కలిపి, రాష్ట్రంలో 15,004. అప్పట్లో ఒక్కొక్క దాంట్లో పదిమందిని కూర్చోబెట్టారు. ఇప్పుడు ఒకటో తారీఖున ఇంటింటికీ పింఛను పంచాలి. ఆ రోజు జ్వరం రాకూడదు. ఒకటో తారీఖు సెలవు రోజైతే పంపకం ముందు రోజే కాబట్టి, ఆ జ్వరం కూడా వాయిదా వేసుకోవాలి. తరువాత సర్వేలు. కుటుంబాల సర్వే, ఇళ్ళ సర్వే, ఏ సర్వే ఎంతవరకూ వచ్చిందో కనుక్కునే సర్వే. తాండవ రిజర్వాయరు గట్టు అవతల సిగ్నలు లేని చోట చెట్టెక్కి ఫోటో అప్‌లోడు చేసినవాణ్ణి ‘నీ అటెండెన్సులో ముఖం సరిగా పడలేదు’ అని అడుగుతారు. ముఖం సరిగ్గానే పడింది. మనిషే ముఖంలో లేడు.

ఈ దశలో ఉద్యోగికి కలలు మొదలవుతాయి. మన అసిస్టెంటు గారి కలలో దేవుళ్ళు రారు, బీఎస్ఎన్ఎల్ వస్తుంది. 2019 నవంబరు 4న స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెరిచారు. యాభై దాటినవాళ్ళు రావచ్చన్నారు. చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, చేయబోయే ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం. డిసెంబరు 3కి తలుపు మూసేసరికి 78 వేల మందికి పైగా చేతులెత్తారు. 2020 జనవరి 31న దేశమంతటా అందరూ ఒకే రోజు బయటికొచ్చారు. చేయని ఏళ్ళకి కూడా జీతం! ఈ మాట తలచుకుంటే ఆయనకి ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి. అలా బయటికొచ్చిన నర్సీపట్నం టెలిఫోను స్నేహితుడొకడు ఇప్పుడు జీడిమామిడి తోట చూసుకుంటున్నాడట, బీపీ మాత్రలు మానేశాడట.

ఇంకొకరి సంగతీ ఉంది. విశాఖ ఉక్కులో చేసే బావమరిది. 2021 జనవరి 27న ఉక్కును అమ్ముతామన్నారు. ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే నెలలో ఉద్యోగులకి వీఆర్ఎస్ కూడా ప్రకటించారు. ఫ్యాక్టరీని నిలబెట్టడానికి డబ్బు, మనుషుల్ని కూర్చోబెట్టడానికి పథకం, రెండూ ఒకే చలికాలంలో. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని గొంతు చించుకున్నవాళ్ళలో కొందరు సాయంత్రం దీక్షా టెంటులోంచి లేచి వీఆర్ఎస్ ఫారం నింపారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. హక్కు హక్కే, ఫారానికి ఆఖరు తేదీ ఉంది.

మరి మన అసిస్టెంటు గారికి అలాంటి యోగం ఎందుకు లేదు? రాష్ట్ర ఉద్యోగి ఇరవయ్యేళ్ళ సర్వీసు నిండాక మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛందంగా వెళ్ళొచ్చు. వెళ్ళినందుకు మాత్రం ఎవరూ చెక్కు ఇవ్వరు. ‘నువ్వే పోతానన్నావు కదా’ అంటారు. ఆయనకి కావలసింది తను పోతాననడం కాదు, వాళ్ళు పొమ్మనడం. 2025లో సచివాలయాలని జనాభాని బట్టి ఏ, బీ, సీలుగా విడదీసి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది చాలన్నారు. మిగతావాళ్ళు మిగులన్నారు. ఆ మాట వినగానే ఆఫీసంతా ఆశగా తలెత్తింది. తీరా చూస్తే మిగులు మనిషి ఇంటికి వెళ్ళడు, ఇంకో శాఖకి వెళతాడు. అక్కడ ఖాళీగా ఉన్న కుర్చీలకి ఇన్‌ఛార్జి అవుతాడు. మన రాష్ట్రంలో మనిషి మిగులుతాడు గాని పని మిగలదు.

ఒకప్పుడు పొమ్మన్నారు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి దించింది. వేలమంది ఒకే రోజు ఇంటికెళ్ళారు. వెళ్ళినవాళ్ళు సంతోషించారా? సుప్రీంకోర్టుకెళ్ళారు. 1984లో మళ్ళీ 58 అయింది. 2014లో 60. 2022 జనవరి 1 నుంచి 62. రెండేళ్ళు పెంచిన రోజున సంఘాలు పాలాభిషేకానికి సిద్ధమవుతుంటే, మన అసిస్టెంటు గారు ఇంట్లో కూర్చుని ‘శిక్ష పొడిగించారు’ అన్నారట. కొడుకు ఇంకో గదిలో అదే మాట అన్నాడు. వాడి లెక్క వేరు. నాన్న లేస్తే గాని ఖాళీ రాదు, ఖాళీ వస్తే గాని నోటిఫికేషన్ రాదు.

ఖాళీల మాట వచ్చాక మా నర్సీపట్నం నియోజకవర్గం గురించి చెప్పకపోతే తప్పు. మా ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడు గారే శాసనసభ స్పీకరు. సభకి రాకుండా జీతం తీసుకునే సభ్యుల సంగతేమిటని, పని లేకపోతే జీతం లేదనే నియమం వాళ్ళకెందుకు ఉండకూడదని ఆయన బహిరంగంగానే అడిగారు. రాజ్యాంగం 190వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ఈ మాట విన్న దగ్గర్నుంచి అసిస్టెంటు గారికి ఒక ధర్మసందేహం పట్టుకుంది. ఎమ్మెల్యే రాకపోతే సీటు ఖాళీ అవుతుందేమోనని భయం. తమ ఆఫీసులో మూడు సీట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా ఎవరికీ భయం లేదేం?

కోరకుండానే వరం దక్కినవాళ్ళూ పక్కనే ఉన్నారు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పాయకరావుపేటలో తాండవ షుగర్స్ గానుగ ఆగింది. ఆ కార్మికులు మొక్కుకోలేదు, ఫారం నింపలేదు. పొద్దున్న వెళితే గేటు మూసి ఉంది. బకాయి జీతాల కోసం ధర్నాలు చేసుకోవలసి వచ్చింది. పరవాడ, అచ్యుతాపురం కంపెనీలకి తెల్లవారకుండా బస్సెక్కే మా కుర్రాళ్ళలో ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతంతో జబ్బు చేసుకునే వీలుంది. కాంట్రాక్టరు దగ్గర ఆ ఈఎస్ఐ లేనివాడికి జ్వరమంటే ఆ రోజు కూలి పోవడమే. పైగా 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచుతూ చట్టం మార్చాలంది. వీళ్ళని చూసినప్పుడు అసిస్టెంటు గారికి సిగ్గేస్తుంది. ‘నాకేటి లోటు, నీడపట్టున ఉన్నాను’ అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. సిగ్గు పోయి దడ వస్తుంది.

ఇంట్లో భార్య మాత్రం సూటిగా తేల్చేసింది. ‘మీకు పని ఎక్కువై నిద్ర లేదు. ఆడికి పని లేక నిద్ర లేదు. మీ ఆఫీసులో కుర్చీలు మూడు ఖాళీ. ఆటిల్లో ఒకదాంట్లో ఇలాంటోణ్ణి కూర్చోబెడితే ఇద్దరూ పడుకుంటారు కదండీ?’ ఇంత తేలిక ఉపాయం ఏ కమిటీకీ తట్టకపోవడానికి కారణం ఉంది. ఖాళీ కుర్చీకి జీతం ఇవ్వక్కర్లేదు, పెన్షను అక్కర్లేదు, మెడికల్ లీవు పెట్టదు. సర్కారుకి దొరికే అతి చవకైన ఉద్యోగి ఖాళీ కుర్చీయే. దాని పని ఎవడో ఒకడు నడుంనొప్పితో చేసిపెడుతూనే ఉంటాడు.

చివరికి అసిస్టెంటు గారు తెగించారు. ఒక సోమవారం అనకాపల్లి కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళి, ‘నన్ను మిగులు సిబ్బందిగా గుర్తించి, తగిన ప్యాకేజీతో ఇంటికి పంపించవలసిందిగా ప్రార్థన’ అని అర్జీ ఇచ్చారు. నంబరు పడింది. అర్జీ అనకాపల్లి నుంచి నర్సీపట్నం డివిజనుకి, అక్కడి నుంచి నాతవరానికి, నాతవరంలో సంబంధిత అధికారి లాగిన్‌కి చేరింది. ఆ సంబంధిత అధికారి పోస్టు ఖాళీ. ఎఫ్‌ఏసీ మన అసిస్టెంటు గారే.

గడువు దాటితే మెమో వస్తుంది. అందుకని ఆయన ఆ రాత్రే కూర్చుని తనని తాను విచారించారు. జియోట్యాగ్ ఫోటో కోసం సెల్ఫీ తీసుకున్నారు. ఎండార్స్‌మెంటు రాశారు: ‘అర్జీదారుని ప్రత్యక్షముగా విచారించడమైనది. సదరు అర్జీదారుడు లేనిచో కార్యాలయము ఒక్క పూట కూడా నడవదని క్షేత్రస్థాయిలో తేలినది. కావున అర్జీ పరిష్కరించబడినది.’

మర్నాడు ఫోను మోగింది. ‘మీ సమస్య పరిష్కారం పట్ల మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి, లేనట్లయితే రెండు నొక్కండి’ అంది యంత్రం. ఆయన వేలు రెండు మీదికి వెళ్ళింది. రెండు నొక్కితే అర్జీ మళ్ళీ తెరుచుకుని, తన లాగిన్‌కే తిరిగొస్తుందని గుర్తొచ్చింది. ఒకటి నొక్కి, కమ్యూటెడ్ లీవు ఇంకెన్ని రోజులుందో చూసుకోవడానికి సర్వీసు రిజిస్టరు తీశారు.