ఓడిపోతే మాయ

డీలిమిటేషన్ మీద వాదన నేనే గెలిచాను. ఈ సంగతి మా బృందంలో ఎవరూ ఒప్పుకోరు గనక ఇక్కడ రాసి పెడుతున్నాను.

1971 జనాభా లెక్కల్ని బట్టి రాష్ట్రాలవారీగా తేలిన లోక్‌సభ సీట్లను 1976లో 42వ సవరణ కదలకుండా కట్టేసింది, ఆ కట్టును 84వ సవరణ 2026 తర్వాతి జనాభా లెక్కల దాకా పొడిగించింది, ఇద్దరు పిల్లలు చాలంటే బుద్ధిగా విన్న దక్షిణాదికి ఇప్పుడు అదే తప్పయి కూర్చుంటుందా అని నేను వేళ్లు మడిచి మరీ చెబుతున్నాను. మా వేదాంతి గ్లాసు మీది నురగకేసి చూస్తూ, “ఒరేయ్, ఉత్తరం, దక్షిణం అనేవి అసలున్నాయంటావా?” అన్నాడు.

దీనికేం చెబుతాం? బల్ల చుట్టూ ఉన్నవాళ్లు “ఆహా” అన్నారు. నా 84వ సవరణ నోట్లోనే ఉండిపోయింది. అప్పట్నించీ స్నానం చేస్తున్నా, కూరలు బేరమాడుతున్నా వాడికి సమాధానాలు తడుతూనే ఉన్నాయి. ఒకటి మరీ బాగుంది, కానీ అందుకు వాడు మళ్లీ ఆ ప్రశ్న వేయాలి.

అసలు ఆ గ్లాసు సంగతి చెప్పాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక జూబ్లీహిల్స్‌లో బీరు తాగడం చదువుకున్నవాళ్ల వ్యవహారమైపోయింది. “బెల్జియన్ విట్ ట్రై చేయండి సార్. సిట్రస్ నోట్స్ ఉంటాయి, చివర్లో కొరియాండర్ తగుల్తుంది” అన్నాడు కుర్రాడు. ధనియాలా అని అడిగాను. ధనియాలే. నారింజ తొక్క కూడానట. మా ఇంట్లో ధనియాలు వేసి కాచేదాన్ని చారంటారు. జలుబు చేస్తే గ్లాసులో పోసిస్తారు, దానికి బిల్లు ఉండదు. ఇంటికొచ్చి ఆరా తీశాను. బెల్జియంలో ఈ రకం బీరు దాదాపు కనుమరుగైపోతే, హూగార్డెన్ అనే ఊళ్లో పియర్ సెలిస్ అనే పాలవాడు 1960లలో మళ్లీ కాచాడట. పక్కనున్న జర్మనీవాళ్లకి ఇలాంటివి గిట్టవు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరోటి పడకూడదని బవేరియా 1516లోనే శాసనం చేసింది. అందులో ఈస్టు పేరు లేదు. బీరులో ఏం పడాలో అయిదు వందల ఏళ్ల కిందటే రాసుకున్నారు గానీ, బీరు పడ్డాక నోట్లోంచి ఏం రావచ్చో రాసిన ప్రభుత్వం భూమ్మీద లేదు. సరే, ధనియాలు వదిలేద్దాం. వదలబుద్ధి కావడం లేదు: నా గ్లాసులో వెతికితే ఒక్క గింజ కనబడలేదు. వడకట్టేస్తారట. ఆ ధరకి రెండు గింజలు తేలనివ్వాల్సింది.

వేదాంతి దగ్గరికి వస్తే, వాడికి అండ బౌద్ధాచార్యుడు నాగార్జునుడు. పాపం, ఆయన ఎదుటివాడి వాదాన్ని పోగుపోగుగా విప్పి, ఏదీ నిలవదని చూపించాకే శూన్యం అన్నాడు. మావాడు విప్పే చాకిరీ నాకొదిలేసి తిన్నగా శూన్యంలోకి నడుస్తాడు. అదైనా ఎప్పుడూ కాదు. 2025 సెప్టెంబరులో ట్రంప్ హెచ్-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నప్పుడు, డల్లాస్‌లో ఎమ్మెస్ చదివే కొడుకున్న ఈ పెద్దమనిషికి డాలరు చాలా యథార్థంగా కనబడింది. ఆ రాత్రి మాయ ఊసే లేదు. బిల్లు వచ్చినప్పుడూ అంతే. “ఆ ఐపీఏ నాది కాదురా, వీడిది. నాది హాఫే” అని వేలు పెట్టి చూపిస్తాడు. ఉత్తరం, దక్షిణం లేవు గానీ హాఫు, ఫుల్లు ఉన్నాయి.

ఇంతలో పాట హోరెక్కుతుంది. మేం కృత్రిమ మేధ గురించీ, మనిషి స్వేచ్ఛ గురించీ గొంతు చించుకుని అరుస్తాం. చివర్లో ఎవడో ఒకడు “ఎవరి అభిప్రాయం వారిది” అంటాడు, క్యాబ్ వస్తుంది.

ఈ మాటంటేనే నాకు కంపరం. 1990లో ఇదే బ్యాచి కోఠీలో ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం, వన్ బై టూ చాయ్. వి.పి. సింగ్ మండల్ ప్రకటన చేసిన రోజుల్లో మాలో ఇద్దరు కొట్టుకోబోయారు. తర్వాత కొన్ని నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందులో ఒకడు ఈ వేదాంతే. ఉన్నదాన్ని లేదనడం అప్పటికింకా నేర్చుకోలేదు వాడు. సీటో ఉద్యోగమో పోతుందనీ వస్తుందనీ అందరికీ భయమో ఆశో ఉండేది, ఎదుటివాడన్న మాట ఇంటిదాకా వెంటొచ్చి నిద్రపట్టనిచ్చేది కాదు. ఇప్పుడు మాలో ఎవడేమన్నా ఎవడికీ పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అందుకే ఇంత మర్యాద.

ఆ హోటల్ గోడ మీద “ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు” అని బోర్డుండేది. సేటు గల్లాపెట్టె దగ్గర్నించి మా బల్లనే గమనిస్తుండేవాడు, కప్పులు పగులుతాయని. జూబ్లీహిల్స్‌లో అలాంటి బోర్డేం పెట్టలేదు. మొన్న మేం రాజ్యాంగం మీద అరుస్తుంటే ఆ కుర్రాడొచ్చి, “వింగ్స్ రిపీట్ చేయమంటారా సార్?” అన్నాడు.