మ్యాన్‌హోల్ మూతకు వేలం పాట

హైదరాబాద్ శివార్లలో రో హౌస్ కొన్నవాళ్లకు బిల్డరు మూడు అప్పగిస్తాడు: తాళంచెవులు, సేల్ డీడు, పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ. మొదటి రెండింటినీ బీరువాలో పెట్టుకుంటారు. మూడోదాన్ని సంఘం ముందు పెట్టుకుంటారు.

విడిగా ఇల్లు కట్టుకునేంత డబ్బు లేక, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామని చుట్టాలకు చెప్పుకోలేక మధ్యతరగతి పట్టుకున్న దారి ఈ వరస ఇళ్లు. బ్రోషరులో దీని పేరు ట్రిప్లెక్స్ విల్లా. అందులో ఫొటో చూస్తే ఇల్లు ఒక్కటే పచ్చగడ్డి మధ్య దర్జాగా నిలబడి ఉంటుంది. తీరా దిగి చూస్తే అటు ఒకటి, ఇటు ఒకటి భుజాలు రాసుకుంటూ ఉంటాయి. మా కాలనీలో అలాంటివి నలభై ఎనిమిది. ఇక్కడ మనుషులకు పేర్లుండవు, నెంబర్లే. "పద్నాలుగు గారొచ్చారా?", "ముప్పై రెండు గారి అత్తగారికి ఒంట్లో బాగాలేదట" అని మాట్లాడుకుంటాం. జైలుకీ మాకూ తేడా ఒక్కటే. అక్కడ మెయింటెనెన్స్ సర్కారు పెట్టుకుంటుంది.

ముందు గోడ సంగతి చూద్దాం. మాది తూర్పు ముఖం వరస. పద్నాలుగో నెంబరు ఇంటికి దక్షిణాన ఉన్న గోడే పదిహేనో నెంబరు ఇంటికి ఉత్తరపు గోడ. దక్షిణం ఎత్తుగా, బరువుగా ఉండాలి కాబట్టి మేడ మీది పిట్టగోడను ఇంకో రెండడుగులు లేపాలని పద్నాలుగు వారి సిద్ధాంతి చెప్పాడు. ఉత్తరం పల్లంగా, తేలిగ్గా ఉండాలి కాబట్టి అదే పిట్టగోడను ఒక అడుగు తగ్గించాలని పదిహేను వారి సిద్ధాంతి చెప్పాడు. ఇద్దరూ పిలిపించుకున్నది ఒకే సిద్ధాంతినని తర్వాత తేలింది. దక్షిణం దగ్గర రెండు మాటలు చెప్పినా, దక్షిణ దగ్గర మాత్రం ఆయన ఒకే మాట మీద నిలబడ్డాడు.

గోడ ఎత్తు ఇప్పటికీ తేలలేదు. ఈలోగా రెండు శ్లాబుల మధ్య జాయింటులోంచి వాన నీళ్లు దిగి, రెండిళ్ల పడగ్గదుల్లోనూ చెమ్మ పట్టింది. ఆ జాయింటుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించండని సంఘానికి అర్జీ పెట్టుకుంటే, "శ్లాబు ఎవరిది వాళ్లదే, అది సంఘం ఆస్తి కాదు" అంది కమిటీ. పద్నాలుగు గారు తన వైపు తాను చేయించుకుంటానన్నారు. "మా గోడ మీద మేస్త్రీ కాలు పెట్టడానికి వీల్లేదు" అన్నారు పదిహేను గారు. మా కాలనీలో ఎక్కువ తక్కువలు చూడకుండా అందరికీ సమానంగా అందే సదుపాయం ఆ చెమ్మ ఒక్కటే.

ఇలాంటి పేచీలు నలుగురూ కూర్చుని తేల్చుకోవడానికే సహకార సంఘం అంటారు పెద్దలు. దీనికి వంశచరిత్ర కూడా ఘనమైనదే. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో నేతగాళ్లూ ఇతర పనివాళ్లూ కలిసి ఒక కొట్టు పెట్టుకుని, మనిషికొక ఓటు అనే పద్ధతిని లోకానికి చూపించారు. మన దేశంలో 1904లో వచ్చిన తొలి సహకార చట్టం అప్పులిచ్చే సంఘాలకే పరిమితం. 1912 చట్టం మిగతా రకాల సంఘాలకూ తలుపు తెరిచింది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు వేసి, దేశంలోనే మొదటిసారిగా పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. సర్కారు సొమ్ము పుచ్చుకోని సంఘం మీద సర్కారు పెత్తనం ఉండకూడదన్నది దాని సారం. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు. ఒకే కుటుంబం వాళ్లయితే రిజిస్ట్రేషన్ పూర్తయ్యేలోపే వాటాలు వేసుకుంటారని వేర్వేరు కుటుంబాలు అన్నారు కాబోలు.

సర్కారు పెత్తనం పోయింది. ఖాళీ అయిన ఆ కుర్చీ కోసం మాలో మేము పోటీ పడుతున్నాం.

మనిషికొక ఓటు అన్న రాచ్‌డేల్ పద్ధతి కూడా మా దగ్గర చిక్కుల్లో పడింది. మూల ఇంటాయనకు స్థలం ఎక్కువ. మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కన వేద్దామంటే ఆయన సామ్యవాది అయిపోయి, "అందరం ఒక్కటే కదండీ, ఇంటికింత అని వేసేయండి" అంటాడు. పార్కింగు పంచే రోజున చదరపు అడుగులు గుర్తుకొచ్చి, తనకు కారున్నర జాగా రావాలంటాడు.

ఇక మెయింటెనెన్స్. సభ్యుడు నెలకు కట్టేది 7,500 రూపాయలు దాటి, సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2018 జనవరికి ముందు ఆ గీత 5,000 దగ్గర ఉండేది. గీత దాటితే మొత్తం మీద పన్ను కట్టాలని 2019లో కేంద్రం సర్క్యులరు ఇచ్చింది. దాటిన ముక్క మీద కడితే చాలని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆ గొడవలోకే మేం పోలేదు. మా మెయింటెనెన్స్ 7,400 దగ్గర ఆగి, ఇక కదలనంది. డీజిల్ ధర పెరిగినా, ట్యాంకర్ల ధర పెరిగినా, సెక్యూరిటీ ఏజెన్సీవాడు రేటు పెంచినా 7,400 మాత్రం చలించదు. అదనపు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తున్నారని అడిగితే ట్రెజరర్ గారు కార్పస్ ఫండు వైపు చూపిస్తారు. కార్పస్ ఫండంటే రేపటి పెద్ద మరమ్మతుల కోసం ఇల్లు కొన్నప్పుడే అందరూ కట్టిన సొమ్ము. దాన్ని మేం ఇవాళే, మరమ్మతులకు తప్ప మిగతా అన్నిటికీ వాడేస్తున్నాం.

దేనికి వాడాం? గేటు దగ్గర కమాను కట్టాం. గ్రానైటు పలకలు, బంగారు రంగు అక్షరాలు, కింద కమిటీ సభ్యుల పేర్లతో శిలాఫలకం. ఆ కమిటీ దిగిపోయి కొత్త కమిటీ వచ్చాక ఒక ఫౌంటెన్ పెట్టించింది. దానికీ ఒక శిలాఫలకం. నీళ్లు చాలక ఫౌంటెన్ ఆగిపోయింది గానీ ఫలకం నిక్షేపంగా ఉంది. మూడో కమిటీ కెమెరాలు పెట్టించి, అవి ఎవరి హయాంలో వచ్చాయో గేటు దగ్గర బోర్డు రాయించింది. ఆ కెమెరాల పుణ్యమా అని మా డ్రైనేజీ ఏ రోజు ఎన్ని గంటలకు పొంగిందో ఇప్పుడు రికార్డుతో సహా చెప్పగలం.

అసలు కథ ఆ డ్రైనేజీయే. నలభై ఎనిమిది ఇళ్ల మురుగు లైనును బిల్డరు సన్న పైపుతో, వాలు సరిచూడకుండా వేసి పోయాడు. గట్టి వాన పడితే ఆఖరి వరసలో మ్యాన్‌హోల్ పొంగుతుంది. "నిన్నటిదాంక మంచిగనే ఉండె సార్, మల్ల పొంగుతున్నది" అంటాడు వాచ్‌మన్, అది తన తప్పయినట్టు చేతులు కట్టుకుని. ఇంజినీరుగా పనిచేసి రిటైరైన పద్నాలుగు గారు లైను మొత్తం తవ్వి మార్చాలని లెక్కలు గట్టి ఇచ్చారు. ఆ కాగితాలు ప్రతి జనరల్ బాడీలోనూ బల్ల మీద ఉంటాయి. వాటి మీద సమోసాల ప్లేటు ఉంటుంది. పల్లపు వరసవాళ్లు తవ్వాలంటారు. గట్టు వరసవాళ్లు, "మా ముందు పొంగడం లేదు కదండీ" అంటారు. డాలస్ నుంచి నలభై ఒకటి గారు అర్ధరాత్రి వాట్సాప్‌లోకి వచ్చి, "ఇక్కడ లాన్‌లో గడ్డి పెరిగితేనే మా హెచ్‌ఓఏ ఫైన్ వేస్తుంది" అని ఒక్క ముక్క పెడతారు. దానికి ముప్పై ఆరు చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. తెల్లారేసరికి ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పెడతారు. చర్చ ముగుస్తుంది.

లైను మార్చడం ఖర్చు కదా, శుభ్రమైనా చేయిద్దామని ఒకసారి అనుకున్నాం. జెట్టింగ్ మిషను వస్తే ఇంత, మనిషి దిగితే అందులో సగమే అని బేరం తెచ్చాడు ఒక ఏజెంటు. మనుషుల చేత ప్రమాదకరంగా మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ సంగతి సభలో చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "చట్టం సరేనండీ, మనం అడక్కుండా వాడే దిగితే?" అన్నాడు. ఫౌంటెన్‌కు కొటేషను ఎంతైనా తలాడించిన సభ అది. మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి సగం రేటు వెతుక్కుంది.

మావాళ్ల దగ్గర డబ్బు లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వినాయక చవితి వస్తే చూడాలి. మూడేళ్లుగా డ్రైనేజీ చందా ఇవ్వని ఇరవై రెండు గారు మండపానికి చందా పుస్తకం రాకముందే చెక్కు రాసి పెట్టుకుంటారు. ఇక లడ్డూ వేలం. 1994లో బాలాపూర్‌లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024కి అక్కడే 30 లక్షలు దాటింది. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల కాలనీలో లడ్డూ 1.87 కోట్లు పలికింది. ఆ సొమ్ము సేవా కార్యక్రమాలకు వెళ్తుందంటే తప్పు పట్టాల్సిందేమీ లేదు. మా లడ్డూ అంత ఎత్తుకు పోలేదు గానీ, దాని కోసం ఇద్దరు సభ్యులు పోటాపోటీగా పాట పాడుతుంటే, ఇన్నాళ్లూ వీళ్లిద్దరూ పిసినారులని అపోహ పడ్డామే అని సిగ్గేసింది. గెలిచినాయన లడ్డూను నెత్తిన పెట్టుకుని, బ్యాండు ముందు నడుస్తుంటే, పొంగిన మ్యాన్‌హోల్‌ను తప్పించుకుని ఊరేగింపు పక్క సందులోంచి తిరిగింది.

అప్పుడర్థమైంది మా సంఘం రోగమేమిటో. మాకు డబ్బు కొరత లేదు, బుద్ధి కొరత లేదు, ఆఖరికి దానగుణం కొరత కూడా లేదు. కొత్తగా కట్టినదానికి రిబ్బను కత్తిరిస్తారు, పేరు చెక్కుతారు, ఫొటో పడుతుంది. ఉన్నదాన్ని బాగుచేస్తే ఏమీ జరగదు. బాగా చేసిన మరమ్మతు గుర్తే అది, ఏమీ జరగకపోవడం. పైపు కారదు, గోడ చెమ్మగిల్లదు, మురుగు పొంగదు. జరగని దానికి శిలాఫలకం ఎలా వేస్తారు? గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చినాయన తన పేరూ, తన తండ్రి పేరూ ఆ లైటు మీదే రాయిస్తాడు. వెలుతురులో సగం పేర్లకే సరిపోతుంది. కాలిపోయిన లైటు మార్పించినాయన పేరు మాత్రం ఏ గుళ్లోనూ కనబడదు.

కనుక ఈసారి జనరల్ బాడీకి నావి మూడు ప్రతిపాదనలు.

ఒకటి: ఈ చవితికి లడ్డూతో పాటు మ్యాన్‌హోల్ మూతను కూడా వేలం వేయాలి. పాడుకున్నవారి పేరు, గోత్రం, ఇంటి నెంబరు పోత ఇనుము మూత మీద పోత పోయించాలి. మూతను నెత్తిన పెట్టుకోవడం కష్టం కాబట్టి ట్రాలీ మీద ఊరేగింపు, బ్యాండు ఖర్చు సంఘానిది. వచ్చిన డబ్బంతా లైను మార్చడానికే.

రెండు: సంపు, మోటారు, జనరేటరు, వాన నీటి ఇంకుడు గుంత, వీటన్నిటికీ ఏడాదికొక దాతను చూడాలి. "కీర్తిశేషులైన మా నాన్నగారి జ్ఞాపకార్థం ఈ సంపు కడిగించడమైనది" అని బోర్డు పెట్టుకోవచ్చు. అక్షరాల సైజు మీద ఆంక్షలు లేవు.

మూడు: పద్నాలుగుకూ పదిహేనుకూ మధ్య జాయింటుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించినవారికి శాలువా. ఇద్దరూ కలిసి చేయిస్తే రెండు శాలువాలు. ఉత్తరం నుంచి కప్పాలా, దక్షిణం నుంచి కప్పాలా అన్నది మాత్రం ఆ సిద్ధాంతినే అడగాలి.

సభ ఎన్నడూ లేనంత ఉత్సాహంగా జరిగింది. కోరం నిండింది. నలభై ఒకటి గారు డాలస్‌లో అలారం పెట్టుకుని మరీ లేచారు. మొదటి ప్రతిపాదన మీదే మూడు గంటల చర్చ. దాత పేరు మీదుగా కార్లు పోతే ఎంత అప్రతిష్ఠ అని ఇరవై రెండు గారు అడిగారు. సబబే అనిపించి, మూత చుట్టూ స్టీలు రెయిలింగు వేయాలని తీర్మానించారు. వానకు అక్షరాలు తుప్పు పడతాయని ఇంకొకరంటే, పైన చిన్న పందిరి మంజూరైంది. అక్కడిదాకా కాగితాల్లో తలదూర్చి ఉన్న పద్నాలుగు గారు లేచి, "అంతా బాగానే ఉందండీ, రేపు లైను శుభ్రం చేయాలంటే మూత ఎలా తీస్తారు?" అన్నారు.

దాత పేరున్న మూతను గడ్డపారతో పెకలించడం అపచారమనీ, మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

వేలం పాట ఆఖరి వరసలో, పందిరి కిందే. కాలనీవాసులందరూ కుటుంబసమేతంగా విచ్చేయాలని కమిటీ కోరుతోంది. చెప్పులు బయట విడవాలి. ఆ రోజు వాన పడితే చేత్తో పట్టుకుని రావాలి.