అయిదువేల పువ్వు

మా బాబాయి కొడుకు జపాన్‌లో ఏడాది ఉద్యోగం ముగించుకుని ఇంటికి బయల్దేరాడు. నేరుగా వస్తే ఒక్కరోజు పని. వాడు నేరుగా వచ్చే రకం కాదు. "మళ్లీ ఇటువైపు ఎప్పుడొస్తానో ఏమో అన్నయ్యా, దారిలో చైనా చూసుకుని వస్తా" అని నగోయాలో విమానమెక్కి షాంఘైలో దిగాడు. చైనా దారిలో ఉందా అంటే, ఉన్నట్టే లెక్క. 2020లో ఆగిపోయిన ఇండియా-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరు చివర్లో మళ్లీ మొదలయ్యాయి. గువాంగ్‌జౌలో ఎక్కితే కోల్‌కతాలో దిగొచ్చు.

సరిగ్గా అదే సమయానికి ఊళ్లో వాడి ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయి. మరమ్మతులని పేరే గానీ, తాతల నాటి పెంకుటిల్లు సగం పడగొట్టి ముందు హాలు, వెనక వంటగది కొత్తగా కట్టిస్తున్నాడు. మాది భట్టిప్రోలుకు దగ్గర ఊరు. బాబాయి పోయాక పిన్ని ఒక్కతే ఉంటోంది ఆ ఇంట్లో. ఆవిడ వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. మేస్త్రి మంచివాడే, కానీ అడగందే ఇటుక కూడా పక్కకు జరపడు. అందుకని మావాడు ఫోను చేస్తే సగం చైనా కబుర్లు, సగం మేస్త్రి కబుర్లు.

అక్కడ మన వాట్సాప్ పనిచెయ్యదు కదా అని నాకో అనుమానం ఉండేది. వీడి జపాన్ సిమ్ రోమింగులో ఉండబట్టి అన్నీ పనిచేశాయి. రోజూ రాత్రి ఫోను. షాంఘైని ఒక్క మాటలో తేల్చేశాడు: "ఎత్తుగా ఉందన్నయ్యా." గ్రానైటు నల్లదా ఎర్రదా అని మేస్త్రి అడిగింది ఆ రోజే. నల్లదే ఖాయం చేశాడు.

మర్నాడు రైలు. చైనా రైలు గురించి మాత్రం వాడు అరగంట చెప్పాడు. టికెట్టనే కాగితమే లేదట, పాస్‌పోర్టే టికెట్టు. బండి కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, బతిమాలినా తియ్యరు. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతున్నా గ్లాసులో నీళ్లు తొణకవు. ప్రతి పెట్టెలోనూ మరిగే నీళ్ల కుళాయి ఒకటి ఉంటుంది. జనం లేచి వెళ్లి ఫ్లాస్కుల్లో నింపుకుని, తేయాకు అందులోనే వేసుకుని గంటలకొద్దీ తాగుతుంటారు. "మన వాళ్లకి ఈ క్రమశిక్షణ ఎప్పుడొస్తుందో" అన్నాడు చివర్లో. ఏడాది బయట ఉండి వచ్చేవాళ్లకి ఈ వాక్యం సామానుతో పాటే వస్తుంది, బరువు కట్టక్కర్లేదు.

"గోడ చూడకుండా చైనా ఏంట్రా?" అని నేను అడిగితే, "అక్కడికి అందరూ పోతారు. నేను రాళ్లు చూడ్డానికి వెళ్తున్నా" అన్నాడు. వీడికి రాళ్ల మీద మనసు ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదు. జపాన్‌లో ఆదివారాలు నారా, క్యోటో గుళ్ల చుట్టూ తిరిగి అంటించుకున్నట్టున్నాడు.

లొయాంగ్ దగ్గర లాంగ్‌మెన్ గుహలకు వెళ్లాడు. యీ అనే నది ఒడ్డున కొండ పొడుగునా గూళ్లు, గుహలు. 493 ప్రాంతంలో మొదలుపెట్టి వందల ఏళ్లు చెక్కుతూనే ఉన్నారు. చిన్నవీ పెద్దవీ కలిపి విగ్రహాలు లక్ష దాకా ఉంటాయి. 675లో పూర్తయిన వైరోచన బుద్ధుడు 17 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఎదురుగా మెట్ల మీద నిలబడి నాకు వీడియో కాల్ చేశాడు. ఆ ముఖాన్ని ఫోను తెరలో చూసినా చెయ్యెత్తి దణ్ణం పెట్టబుద్ధేసింది. తరవాత కెమెరా పక్క గూళ్ల మీదికి తిప్పాడు. చాలా విగ్రహాలకు తలల్లేవు. బిన్‌యాంగ్ గుహలో గోడ మీద చక్రవర్తి, మహారాణి పరివారంతో వస్తున్న శిల్పాలుండేవట. 1930ల్లో ముక్కలు ముక్కలుగా కోసి అమ్మేశారు. ఇప్పుడు చక్రవర్తి న్యూయార్కులో, మహారాణి కాన్సస్ సిటీలో.

మావాడికి ఆవేశం వచ్చింది. "చూడన్నయ్యా, పదిహేనొందల ఏళ్ల నాటి రాయి మీద సమ్మెట వెయ్యడానికి ఆ చేతులెలా వచ్చాయో! మనవాళ్లేమైనా తక్కువా? అమరావతి స్తూపం చలవరాళ్లు లండన్‌లో ఉన్నాయి, ఎగ్మూరులో ఉన్నాయి. మన భట్టిప్రోలు స్తూపం సంగతి ఇందాకే ఫోనులో చదివా. ఇటుకలు రోడ్డుకి, చలవరాళ్లు కాలువ లాకుకి పోయాయట. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర వచ్చి తవ్వేదాకా అడుగున బుద్ధుడి ధాతువుల పేటికలు ఉన్నాయని ఒక్కడికీ తెలీదు. మన రాళ్లన్నిట్నీ మనమే బయటికి పోనిచ్చాం..."

మధ్యలో ఫోను కుయ్యిమంది. "ఒక్క నిమిషం, మేస్త్రి" అని ఏదో టకటకా కొట్టి మళ్లీ వచ్చాడు. "పెరట్లో సామాను ఏం చెయ్యాలని అడుగుతున్నాడు. ఈ మనిషి ప్రతిదానికీ ఓ ఫొటో పెడతాడు. రోలు, పొత్రం, తొట్టి, ఏదీ ఉంచద్దని ఎప్పుడో చెప్పా. ఆ, ఎక్కడున్నాం? తలలు." మళ్లీ తలల దగ్గర్నుంచి అందుకున్నాడు.

షీఆన్ చేరాక వాడి గొంతే మారింది. అక్కడ పెద్ద అడవిబాతు పగోడా అని ఉంది. మనం బళ్లో చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్, ఇండియా అంతా తిరిగి 645లో 657 గ్రంథాలతో తిరిగొచ్చాక, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించిన గోపురమది. మధ్యలో కూలింది, మళ్లీ కట్టారు, భూకంపాలకు ఓర్చింది. 64 మీటర్లు, ఏడంతస్తులు. ఆయనే స్వయంగా ఇటుకలు, రాళ్లు మోశాడని ఆయన జీవితచరిత్రలో రాశారు. గుళ్లో ఒకచోట ఆయన ప్రయాణించిన దారి పటం ఉంటే, వీడు దాని ముందు నిలబడి కృష్ణా నది వెతుక్కుంటున్నాడట. పక్కన ఒక పెద్దాయన, రిటైరైన బడిపంతులు, ఇంగ్లీషులో పలకరించి ఏ దేశమన్నాడు. ఇండియా అన్నాడు వీడు. ఇండియాలో ఎక్కడన్నాడు. మీకు తెలీదులే, దక్షిణాన కృష్ణ ఒడ్డున అన్నాడు. పెద్దాయన పటం మీద వేలు పెట్టి సరిగ్గా ధన్యకటకం, అంటే మన అమరావతి, చూపించాడు. హ్యూయన్‌త్సాంగ్ అక్కడ ఆగి సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడు, నగరానికి తూర్పు కొండ మీదొకటి, పడమటి కొండ మీదొకటి రెండు సంఘారామాలుండేవి అని చెప్పుకుంటూ పోయాడు. చివరికి, "మీ ఊళ్లో ఆ కాలం నాటివి ఏమైనా మిగిలాయా?" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను! మా ఇళ్లలో అలాంటివేం లేవు, ఉన్నా మావాళ్లకు విలువ తెలీదు అన్నా. చాలా బాధపడ్డాడు పాపం."

ఆ బాధలోనే మర్నాడు శిలాఫలకాల మ్యూజియానికి వెళ్లాడు. 1087లో మొదలైన చోటది. పొలంలో చెట్లున్నట్టు లోపలంతా నిలువెత్తు రాళ్లు, వాటి నిండా రాతలు. కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు 837 నాటికి 114 రాళ్ల మీద చెక్కించి పెట్టుకున్నారు. నకళ్లు రాసుకునేవాడు తప్పు రాస్తే వచ్చి సరిచూసుకోవచ్చని. ఇవన్నీ చూసినా వాడు ఎక్కువసేపు నిలబడింది అచ్చులు తీసేవాళ్ల దగ్గర. తడిపిన పల్చటి కాగితం రాయి మీద పరుస్తారు. మెత్తటి బ్రష్షుతో తడుతూ చెక్కుడు గుంటల్లోకి దించుతారు. కాస్త ఆరాక, గుడ్డ చుట్టిన దూది ఉండకు సిరా పట్టించి పైపైన అద్దుతారు. ఎత్తుగా ఉన్నదంతా నల్లగా, గుంటలన్నీ తెల్లగా తేలతాయి. రాయికి చిన్న గీత పడదు, కాగితం ఒలిచి తీస్తే బొమ్మ మొత్తం చేతికొస్తుంది. ఎంత ఓపిగ్గా చేశారో వాడు అంత ఓపిగ్గానూ నాకు చెప్పాడు. బయట కొట్లో ఒక పద్మం అచ్చు కొన్నాడు. టాంగ్ రాజుల కాలపు నేలపలక మీది పువ్వు అది. ధర మన డబ్బుల్లో అయిదువేలు. మడత పడకూడదని అట్టగొట్టంలో పెట్టించి, గువాంగ్‌జౌ దాకా రైల్లోనూ, అక్కణ్నుంచి కోల్‌కతా మీదుగా గన్నవరం దాకా విమానాల్లోనూ చంకలోంచి దించకుండా తెచ్చాడు.

కార్తీకం వెళ్లకముందే కొత్త హాల్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. హాలు బాగుంది, కాదనను. నల్ల గ్రానైటులో మన మొహం మనకే కనపడుతోంది. పెరడంతా సిమెంటు చేసేశారు, పంపు పక్కన కొత్త వాషింగ్ మెషీను. చిన్నప్పుడు మేమంతా వరసగా కూర్చుని తలంట్లు పోసుకున్న బట్టలుతికే బండ లేదు. మేస్త్రికి పంచెలచాపు పెట్టారు, అతను ద్వారం దగ్గర కూర్చుని ప్రసాదం తింటున్నాడు.

పద్మాన్ని అద్దం కట్టించి నడిగోడకు తగిలించాడు మావాడు. వచ్చినవాళ్లందరికీ దాని కథ చెబుతున్నాడు. బుద్ధుడితో పాటు మన దేశం నుంచే ఈ పువ్వు చైనాకు వెళ్లిందని, అక్కడ నేల మీది పలకను కూడా అద్దాల పెట్టెలో దాచుకున్నారని, మనకు మాత్రం చరిత్ర అంటే పట్టదని. చుట్టాలు తలలూపుతున్నారు. పిన్ని చేతిలో పళ్లెం నాకిచ్చి, కళ్లజోడు చీరచెంగుతో తుడుచుకుని దగ్గరికెళ్లి చూసింది.

"ఇదేందిరా, ఇది మన బట్టలుతికే బండ కింద పువ్వు గదా."

వాడు నవ్వాడు. "ఏం పువ్వమ్మా?"

"బండకి అడుగున. మధ్యలో ఇంత బొడ్డు, చుట్టూ రెండు వరసల రేకులు, అచ్చం ఇట్టానే. ఇంకా దీనికన్నా నగిషీగా ఉండేది. గరుగ్గా ఉండి బట్టలు చిరుగుతున్నయ్యని మీ నాయనమ్మ బోర్లేయించింది. మీ తాతయ్య దిబ్బ మీంచి బండిలో తోలిచ్చాడంట. మేస్త్రి తిరగేసినప్పుడు నేనే చెప్పా, అబ్బాయిని ఓ మాట అడగమని."

హాల్లో మాటలు ఆగాయి. వాడు ఫోను తీశాడు. వేలితో పైకి పైకి జరుపుకుంటూ పోయాడు. నేను భుజం మీంచి చూశాను. లాంగ్‌మెన్ రోజు. తెల్లటి పల్నాటి రాయి, దాని మీద మట్టి కడగని పద్మం. కింద మేస్త్రి రాసింది: "సార్ బండ వెనక పువ్వు ఉంది అమ్మగారు అడగమన్నారు." దాని కింద మావాడు రాసింది: "పాతవేవీ వద్దన్నాను కదా, పగలగొట్టించండి."

తన ప్రస్తావన వచ్చేసరికి మేస్త్రి విస్తరాకు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని లేచి వచ్చాడు. పనితనం గురించి మాట్లాడుకుంటున్నారనుకున్నట్టున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆ రోజు కంకర లారీ రాలేదండీ, పని ఆగకుండా అదే అక్కరకొచ్చింది. మెత్తటి రాయి, నాలుగు దెబ్బలకే పలికింది. మీరు నిలబడ్డారే, సరిగ్గా అక్కడే గ్రానైటు కింద పరిపించా. ఒక్క ముక్క కూడా బయటికి పోనివ్వలేదు సార్!"