తిరుగు పరుగు

ఓడ ఎంత జోరుగా పోతుందో చూసి అది మంచిదో కాదో చెప్పెయ్యొచ్చని నేను చాలాకాలం నమ్మాను. బైకుకి పనికొచ్చిన లెక్క ఓడకి ఎందుకు పనికిరాదు అనుకునేవాణ్ణి. పోనీ ఏమీ తెలియనివాడినా అంటే, ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రం చదివాను. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ వచ్చి పాఠాలు చెప్పి, విశాఖ తీరంలో నీటి కదలికల మీద పని మొదలుపెట్టిన చోటు అది. అక్కడ ఎమ్మెస్సీ చేసినవాడికి ఇలాంటి బుద్ధి ఎలా పుట్టిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కొత్తగా కట్టిన ఒక పరిశోధన నౌక సముద్ర పరీక్షలకి వెళ్తుంటే, సోనార్లు బిగించిన కంపెనీ తరఫున నన్ను పంపించారు. ఏ ఓడ, ఏ యార్డు అని అడక్కండి. తెలివితక్కువ పనులు నావి, వాళ్ల పేర్లెందుకు? యార్డు మనుషులు, యజమాని తరఫు వాళ్లు, సర్వేయర్లు, పరికరాల కంపెనీల వాళ్లు అందరూ ఒక్కసారే ఎక్కుతారు కాబట్టి పడకలు చాలవు. నాకు మెస్సులో బల్ల దొరికింది. పగలంతా ఏదో ఒక హింస పెడతారు ఓడని. పూర్తి వేగంతో ముందుకు పోతుంటే ఉన్నపళంగా ప్రొపెల్లర్‌ని వెనక్కి తిప్పి ఓడ ఎంత దూరంలో ఆగుతుందో చూస్తారు. చుక్కాని ఒక కొసకి తిప్పి ఓడని గుండ్రంగా తిరగనిస్తారు. కావాలనే కరెంటు తీసేసి, ఎమర్జెన్సీ జనరేటర్ అందుకుంటుందా లేదా అని చీకట్లో నిలబడి వాచీలు చూసుకుంటారు.

వేగం పరీక్ష రోజు నేను బ్రిడ్జి మీదే ఉన్నాను. ఒప్పందంలో రాసుకున్నది పదమూడున్నర నాట్స్. తెర మీద అంకె పద్నాలుగు దాటింది, పదిహేను దగ్గర నిలబడింది. ఓడలో శాటిలైట్ ఇంటర్నెట్ ఉండటం నా ఖర్మ. తెర ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాను: "రాసుకున్నది పదమూడున్నర. మనది పదిహేను కొట్టింది." మనది అన్నానంటే చూడండి, నేను బిగించింది అడుగున నాలుగు సోనార్లు. వదినలు చప్పట్ల బొమ్మలు పెట్టారు. జీవితమంతా వేటకెళ్లిన జాలరిపేట మావయ్య మాత్రం ఫోన్ చేశాడు.

"ఎటేపు పోతన్నార్రా?"

"ఉత్తరానికి మావయ్యా."

"మార్చిలో నీరు అటే లాగుతాది కదరా. తిరిగొచ్చీటప్పుడు ఎంతో సెప్పు."

తిరిగొచ్చేటప్పుడు పన్నెండు. సగటు తీస్తే సరిగ్గా రాసుకున్నంత. మన తూర్పు తీరం వెంబడి నీరు ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యం వైపు పోతుంది, అక్టోబరు వచ్చేసరికి దక్షిణానికి తిరుగుతుంది. ఒక్కోచోట రెండు నాట్స్ దాకా ఉంటుంది ఆ లాగుడు. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా వేగం పరీక్ష ఒకే దారిలో అటూ ఇటూ చేస్తారు, ఒక్క పరుగు అంకెని ఎవరూ నమ్మరు. ఈ ప్రవాహం మీద నాకు ఎమ్మెస్సీ పరీక్షలో ప్రశ్న వచ్చింది. బాగానే రాశాను.

ఇంటి గ్రూపులో రెండో అంకె పెట్టలేదు. ఇప్పటికీ మా పెద్ద వదిన దృష్టిలో ఆ ఓడ వేగం పదిహేనే.

మర్నాడు నిలబడే పరీక్ష. లంగరు వెయ్యకుండా, గాలి తోసినా నీరు లాగినా, ఓడ తన థ్రస్టర్లతో తానే సర్దుకుంటూ ఒక్కచోట ఉండాలి. పరిశోధన నౌకకి అసలు పని ఇదే. ఉప్పదనం, వేడిమి కొలిచే సీటీడీని అయిదు వేల మీటర్ల లోతుకి దించి పైకి లాగడానికి మూడు గంటలు పట్టొచ్చు, అంతసేపూ తీగ నిటారుగా ఉండాలి. మధ్యలో ఓడ జరిగిందంటే తీగ ఏటవాలుగా పోతుంది, లేదా ఓడ అడుగుకి రాసుకుంటుంది. ఇదంతా నాకు తెలియక కాదు. అయినా, కదలని ఓడలో చూసేదేముందని మెస్సులోకి పోయి పడుకున్నాను. యజమాని తరఫున వచ్చిన మేడం మాత్రం వెనక డెక్కు మీద కుర్చీ వేసుకుని తీగ నీళ్లలోకి దిగే చోటే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం నేను కళ్లు నులుముకుంటూ వచ్చి, "పాసైనట్టే కదా మేడం" అన్నాను. "ఇవాళ సముద్రం కూడా మీలాగే పడుకుంది బాబూ. జూలైలో చూడాలి" అన్నారు.

ఇక చప్పుడు పరీక్ష. నా పరువు పూర్తిగా పోయింది ఇక్కడే.

పరిశోధన నౌక నీళ్లలో గొంతు ఎత్తకూడదు. సోనార్ వినాల్సింది అడుగునుంచి వచ్చే ప్రతిధ్వనిని, సొంత ఇంజన్ని కాదు. అందుకే ఇంజన్లని ప్రొపెల్లర్‌కి నేరుగా తగిలించరు. రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి వాటితో కరెంటు పుట్టిస్తారు, ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. ప్రొపెల్లర్ రెక్కల కొసల దగ్గర ఒత్తిడి పడిపోయి నీటిలో బుడగలు పుట్టి పేలడం పెద్ద రొద, అది వీలైనంత ఎక్కువ వేగం దాకా రాకుండా రెక్కలు మలుస్తారు. చేపలు బెదరకుండా ఉండాలంటే పదకొండు నాట్స్ వేగంలో ఓడ చప్పుడు ఏ హద్దు దాటకూడదో ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ మండలి 1995లో ఒక గీత గీసింది. ఇప్పుడు మంచి ఓడలన్నీ ఆ గీత కింద ఉండాలని చూస్తాయి.

మాది ఎనిమిది నాట్స్ దగ్గర చల్లగా ఉంది. పది దగ్గరా బాగానే ఉంది. తొమ్మిది దగ్గర మాత్రం సోనార్లో టకటకమని ఒక చప్పుడు. నేను వెంటనే తేల్చేశాను: శాఫ్ట్ బేరింగ్. చీఫ్ ఇంజినీరుకి మెయిల్ కొట్టాను, మూడు పేరాలు, గ్రాఫులు జతచేసి, ఓడలో మెయిల్ ఉన్న ప్రతి ఒక్కరికీ కాపీ పెట్టి. "ఇంజన్ విభాగం తక్షణం శ్రద్ధ వహించగలరు" అని ముగించాను. పాపం వాళ్లు రాత్రంతా బేరింగులు విప్పి చూశారు. ఏమీ లేదు.

తెల్లవారుజామున సరంగు టార్చి పట్టుకుని నిచ్చెన దిగి నా సోనార్ గదిలోకి వచ్చాడు. ఎవరూ పంపలేదు, తనకే తోచింది. ఓడని మళ్లీ తొమ్మిదికి తెమ్మని ఫోన్‌లో చెప్పి, గోడ పొడుగునా ఉన్న ఇనప ఫ్రేముల మీద ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి ఆనించి చూస్తూ పోయాడు. ఒక ఫ్రేము దగ్గర చెయ్యి ఆగింది. వెనక సందులోకి మోచెయ్యి దాకా దూర్చి, పదిహేడు నంబరు పానా ఒకటి బయటికి లాగాడు. పిడికి పసుపు టేపు, టేపు మీద మార్కరుతో నా పేరు మొదటి అక్షరాలు.

"తమరిదేనా సార్?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ప్రొపెల్లర్ రెక్కలు నీటిని కొట్టే లయ తొమ్మిది నాట్స్ దగ్గర ఆ ఫ్రేము ఊగే లయతో కలిసింది, ఫ్రేము మీద నా పానా తాళం వేసింది. చీఫ్ ఇంజినీరు నా మెయిల్‌కి జవాబుగా పానా ఫొటో ఒక్కటే పంపాడు. అక్షరం ముక్క రాయలేదు. కాపీలు మాత్రం అందరికీ పెట్టాడు.

ఇంత జరిగాక మనిషికి కాస్త వినయం రావాలి. నాకు వచ్చింది భక్తి. వేగం వట్టిది, నిశ్శబ్దమే అంతా అని ఊరూరా చెప్పడం మొదలుపెట్టాను. ఒక కాలేజీలో ఇలాగే ఊగిపోతుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మరి నార్వే హెర్రింగుల సంగతి?" అంది. నేను ఆ పేరే వినలేదు. "ఆ అధ్యయనంలో పద్ధతి లోపాలున్నాయమ్మా" అనేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

ఇంటికొచ్చి చదివాను. నార్వే వాళ్ల జీ.ఓ. సార్స్ 2003లో వచ్చిన నిశ్శబ్ద నౌక. దాన్నీ, మామూలు పాత ఓడ యోహాన్ యోర్ట్‌నీ హెర్రింగ్ గుంపుల మీదుగా నడిపి, చేపలు ఎలా బెదురుతాయో కొలిచారు. 2007లో అచ్చయిన ఫలితం: నిశ్శబ్ద నౌకకే చేపలు ఎక్కువ బెదిరాయి, ఎక్కువసేపు బెదిరాయి. ఇంజన్ రొద తగ్గినా అంత పెద్ద ఓడ నీటిని తోసుకుంటూ వస్తుంటే పుట్టే బాగా నెమ్మదైన కదలికలు వాటికి తెలిసి ఉండొచ్చని ఒక ఊహ. మళ్లీ అలాస్కాలోని షెలికాఫ్ జలసంధిలో పొలాక్ చేపలు దీనికి పూర్తిగా ఎదురు. అమెరికా వాళ్ల పాత మిల్లర్ ఫ్రీమన్ కంటే నిశ్శబ్దమైన ఆస్కార్ డైసన్‌కే అవి తక్కువ బెదిరాయి. గీత గీసినవాళ్లు తప్పు చెయ్యలేదు, సోనార్‌కి నిశ్శబ్దం కావాల్సిందే. చేపల విషయానికొస్తే ఏ చేప, ఏ లోతు, ఏ కాలం అని అడక్కుండా జవాబు చెప్పకూడదు. నేను ఆ అమ్మాయికి చెప్పిన "పద్ధతి లోపాలు" ఆ పేపర్లో నాకు ఒక్కటీ కనబడలేదు. ఆమె పేరు కూడా అడగలేదు, ఉత్తరం రాద్దామన్నా దారి లేదు. ఇది చదివితే క్షమించాలి.

2024లో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం కొత్త పరిశోధన నౌక కోసం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ యార్డుతో ఒప్పందం రాసుకుంది. అది పరీక్షలకి బయల్దేరిన రోజు పేపర్లలో మొదటి వాక్యం వేగం గురించే ఉంటుంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఆ ఓడలో ఉంటే వేగం అడక్కండి. జూలైలో, నైరుతి గాలి మొహాన కొడుతుంటే, సీటీడీ తీగ నిటారుగా ఎంతసేపు నిలబెట్టగలిగారో అడగండి.