నాగార్జునకొండ రేవు మెట్టును నేను

నేను పలనాటి సున్నపురాయిని. సుమారు 1700 ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, జనం కృష్ణలోకి దిగి స్నానాలు చేసే రేవులో నన్ను మెట్టుగా పరిచారు. ఇప్పుడు నాగార్జునకొండ మీద, ఆ రేవును తిరిగి పేర్చిన వరుసలో ఉన్నాను. నేను మొదట ఉన్న లోయ మీద నాగార్జునసాగర్ జలాశయం నిలిచి ఉంది. ఒక్కరోజు యాత్రకు వచ్చేవాళ్లు చాలామంది ఉదయం ఆనకట్ట చూసి, లాంచీ ఎక్కి, కొండ మీద మ్యూజియం చుట్టి, సాయంత్రం ఎత్తిపోతల జలపాతం దగ్గర ఆగి ఇళ్లకు మళ్లుతారు. ఆ వరుస బాగానే ఉంది. నా అభ్యంతరం ఒక్కటే: లాంచీ ప్రయాణాన్ని వాళ్లు చరిత్రకు ముందొచ్చే ఖాళీ సమయంగా గడిపేస్తారు. కొండ మీద కనిపించేది విజయపురిలో ఒక భాగం మాత్రమే. మిగతా నగరం లాంచీ కింద ఉంది. ఆ నీళ్లను కూడా చారిత్రక స్థలంగా చూడనివాళ్లకు మ్యూజియంలోని శిల్పాలు సగమే అర్థమవుతాయి.

ఈ మాట అనడానికి నాకు ఆధారం ఆ లోయ అమరికే. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. శాతవాహనుల తరవాత, మూడో శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడు. ఆయన అశ్వమేధం, వాజపేయం చేసిన రాజు, కార్తికేయుణ్ణి కొలిచినవాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం బుద్ధుడి మహాచైత్యానికి దాత. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో స్తూపానికి నాలుగు దిక్కులా ఆమె నిలబెట్టిన ఆయక స్తంభాల మీద ఆ సంగతి చెక్కి ఉంది. ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధరభట్టారిక కూడా అక్కడి దాతల్లో ఉంది. ఒకే కుటుంబంలో మగవాళ్లు యజ్ఞాలు చేస్తే ఆడవాళ్లు స్తూపాలు కట్టించారు. శాసనాల ముద్రలు అద్దాల వెనక పెట్టినా ఇంతవరకు తెలుస్తుంది. అయితే ఆ రెండు ధర్మాలూ ఒకే నేల మీద ఎలా సర్దుకున్నాయో తెలియాలంటే స్థలం చూడాలి. పుష్పభద్రస్వామి ఆలయం, కార్తికేయ ఆలయం వంటి గుళ్లు ఎక్కువగా కోట దగ్గర, నది ఒడ్డు వెంట ఉండేవి. బౌద్ధ విహారాలు లోయ లోపలికి, కొండల పాదాల వైపు పరుచుకున్నాయి. భిక్షువులకు ఊరు భిక్షకు వెళ్లగలిగినంత దగ్గరగా, ధ్యానానికి ఆటంకం కానంత దూరంగా ఉండాలి. ఈ దూరాలు ఏ శిల్పం మీదా చెక్కి లేవు. కొండ మీదకు తెచ్చి పక్కపక్కన పేర్చిన కట్టడాలలో అవి పోయాయి. లాంచీ అంచున నిలబడి, ఒడ్డు ఎటు ఉండేదో, కొండలు ఎటు ఉన్నాయో గమనించేవాడికి మాత్రం కొంతైనా తిరిగి దొరుకుతాయి.

విహారాల సంగతి ఇంకా లోతైనది. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు ఆ లోయలో బయటపడ్డాయి. అవి ఒకే అచ్చులో పోసినవి కావు. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళం నుంచి వచ్చిన థేరవాదులు, ఇలా ఒక్కో బౌద్ధ శాఖవాళ్లు వేరువేరుగా ఉండేవారు. ఒక విహారంలో స్తూపం మాత్రమే ఉంటుంది, బుద్ధ విగ్రహానికి చోటు లేదు. మరో దాంట్లో స్తూపం ఉన్న చైత్యగృహానికి ఎదురుగా విగ్రహం ఉన్న గృహం కట్టారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో కొలవవచ్చా అన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. దానికి ఏ సంఘం ఏ జవాబు చెప్పిందో ఇటుకల పునాదుల్లోనే కనిపిస్తుంది. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీనా మొదలుకొని తామ్రపర్ణీ ద్వీపం (సింహళం) దాకా దేశాల పేర్లు వస్తాయి. రోమన్ బంగారు నాణేలు దొరికాయి. పొడుగు అంగీ, పైజామా తొడిగిన శక సైనికుడి బొమ్మ ఒక స్తంభం మీద ఉంది. ఇన్ని దేశాలవాళ్లు, ఇన్ని వాదాలవాళ్లు ఒకరికొకరు కూతవేటు దూరంలో బతికిన లోయ మరొకటి తెలుగు నేల మీద ఉందని నేను అనుకోను. అదంతా ఇప్పుడు లాంచీ గంటసేపు దాటే నీళ్ల కింద ఉంది.

మహాచైత్యం గురించి ఒక్క మాట దగ్గరగా చూసి చెప్పాలి. దాని వ్యాసం 106 అడుగులు. పైనుంచి చూస్తే గుండ్రని ఇటుకల గోడ, లోపల బండి చక్రానికి ఆకుల్లా అడ్డగోడలు, వాటి మధ్య గదుల్లో మట్టి. అంత బరువూ బయటి గోడ మీద పడి పగలకుండా ఆకులు పంచుకుంటాయి. ఇటుకలు తక్కువ పడతాయి, స్తూపం నిలుస్తుంది. ధర్మచక్రాన్ని తలచుకునే భక్తులకు అందులో అర్థం కనిపిస్తే, కట్టినవాళ్లకు లెక్క కనిపించింది. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు జరిపిన తవ్వకాల్లో ఆ చక్రం గదుల్లో ఒకదానిలో చిన్న బంగారు భరిణె, అందులో ఎముక ముక్క బయటపడ్డాయి. ఆ ఎముక ముక్క సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. అంటే లోయ మునగక ముందే దాని గుండె మరోచోటికి వెళ్లింది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. పెకలించి తెచ్చి మళ్లీ పేర్చిన రాళ్లు అసలు కట్టడాలే కావు కదా, వాటికోసం ఒక రోజు దేనికి అంటారు. ఇందులో నిజం ఉందని ముందే ఒప్పుకుంటాను. నా ముందు ప్రవాహం లేదు. వరదొచ్చినప్పుడు ఎన్ని మెట్లు మునిగేవో, వేసవిలో ఎన్ని తేలేవో ఇప్పుడు నన్ను చూసి ఎవరూ చెప్పలేరు. రేవుకు ప్రాణం ఆ హెచ్చుతగ్గులే. కానీ అసలుతనం ఒక్క చోటులోనే ఉండదు. నన్ను చెక్కిన ఉలి దెబ్బలు, ఒకదాని పక్కన ఒకటి ఒదిగేలా తీసిన అంచులు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు, వరుసల కొలతలు నాతోనే కొండెక్కాయి. సున్నపురాయి పొరలు పొరలుగా వస్తుంది. దాని ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగు మీద ఎండ ఏటవాలుగా పడితే ఉలి జాడ వేలికి అందేంత స్పష్టంగా తేలుతుంది. అమరావతి శిల్పులు ఎన్నుకున్నదీ ఈ రాయినే. నకలు ఈ జాడ చూపించదు. జలాశయం గట్టున బుద్ధవనంలో అమరావతి మహాస్తూపం ఆకారంలో కొత్తగా కట్టిన స్తూపాన్ని నేను తక్కువ చేయను. 2022లో తెరిచిన ఆ ఉద్యానం స్తూపం నిండుగా ఎలా ఉండేదో ఊహించడానికి మంచి మార్గం. ఉదయం అది చూసి వచ్చినవాళ్లకు కొండ మీది శిథిలాల పైభాగం మనసులో కట్టుకోవడం తేలిక. రెండూ కావాలి.

రెండో ఆక్షేపణ దీనికి సరిగ్గా ఎదురు. ఇంత గొప్ప లోయను ముంచిన ఆనకట్టే తప్పు అంటారు. నేను ఆ లోయ రాయినే, అయినా ఆ మాటతో ఏకీభవించలేను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి ఎడమ కాలువల కింద 20 లక్షల ఎకరాలకు పైగా భూమిని తడపాలన్నది ఆ పథకం. గుంటూరు, పల్నాడు, నల్లగొండ, ఖమ్మం సీమల్లో ఈ నీళ్లతో పండిన అన్నం తిన్నవాళ్లే ఇవాళ నన్ను చూడటానికి వస్తున్నారు. ఇంకొక సంగతి: 1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ శిథిలాలను గుర్తించాక రెండు విడతల తవ్వకాలు జరిగినా, లోయ మొత్తాన్ని గాలించింది 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోనే. నీళ్లు వస్తున్నాయన్న గడువే ఆ పనికి కారణం. రాతియుగం పనిముట్ల నుంచి రెడ్డిరాజుల కోట గోడల దాకా ఒక వరుసలో నమోదయ్యాయి. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను నైలు నీటికి అందకుండా పైకి జరిపిన దశాబ్దంలోనే, ఇక్కడా మనవాళ్లు కట్టడాలను కొండ మీదికి, గట్టునున్న అనుపుకు తరలించారు. అది గర్వించదగిన పని. కానీ నష్టం జరగలేదని మాత్రం చెప్పకూడదు. లోయలో పుల్లారెడ్డిగూడెం ఉండేది, దాని చుట్టూ పొలాలు ఉండేవి. స్తూపాలకు కొండ మీద చోటు దొరికింది కానీ ఆ ఊరికి దొరకలేదు. నీళ్లను చరిత్రగా చూడమని నేను అడగడంలో ఆ ఊరు కూడా ఉంది.

మూడోది, ఒక్క పూటకు వచ్చే సామాన్యులకు ఇంత భారం ఎందుకు, నీళ్లూ కొండలూ చూసి సంతోషపడనివ్వండి అనే మాట. సంతోషానికి నేను అడ్డు చెప్పడం లేదు. నల్లమల అంచుల మీద మబ్బు నీడ కదలడం, గట్టు దూరమయ్యేకొద్దీ నీళ్ల రంగు మారడం చూసి ఆనందించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలకు ఎత్తిపోతలలో చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకడం గుర్తుండిపోతుంది, ఉండాలి కూడా. అయితే కింద ఒక రాజధాని ఉందని తెలిస్తే ఆ నీళ్ల అందం తగ్గదు. తెలియనివాళ్లు చూసేది ఒక పెద్ద చెరువు. తెలిసినవాళ్లు ఆ చెరువుతో పాటు ఒక రేవును, గుళ్ల వరుసను, భిక్షకు వచ్చే భిక్షువులను చూస్తారు. ఇందుకు చదువులు అక్కర్లేదు, ఒక పటం చాలు. లాంచీలో అందరికీ కనిపించేలా పాత లోయ పటం ఒకటి తగిలించి, ఇప్పుడు మనం ఏ విహారం మీద ఉన్నామో తెలుగులో చెప్పే మనిషి ఒకరుంటే సరిపోతుంది. లాంచీలు నడిపే రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకూ నా విన్నపం ఇదే. ఖర్చు కొంచెం, ఫలితం చాలా.

వచ్చేవాళ్లకూ ఒక మాట. మ్యూజియంలో మూడు మీటర్ల ఎత్తు బుద్ధ విగ్రహం ముందు ఎక్కువసేపు నిలబడండి, తరవాత బయటికొచ్చి మహాచైత్యం చక్రం చుట్టూ ఒకసారి నడవండి, నా రేవు దగ్గరికి కూడా రండి. తిరిగి గట్టు చేరాక అలసట అనుకోకుండా అనుపు దాకా వెళ్లండి. అక్కడ ఆరుబయలు రంగస్థలాన్ని మెట్ల వరుసలతో సహా తిరిగి కట్టారు, ఊరి జనం కూర్చుని చూసిన చోటది. లాంచీ ఎక్కేముందు జలాశయంలో నీటిమట్టం, సర్వీసులు ఉన్నాయో లేదో కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.