ఉచిత వసతి కలదు

"ఆకర్షణీయమైన జీతం, ఉచిత వసతి" అని ప్రైవేటు బడులవాళ్లు ప్రకటన వేస్తారు. జీతం ఆకర్షణ ఏపాటిదో ఇంటర్వ్యూలోనే తేలిపోతుంది. వసతి సంగతి తేలాలంటే మాత్రం అక్కడ ఒక రాత్రి పడుకుని లేవాలి.

నాది తెనాలి. ఫిజిక్స్ చెప్పడానికి ఆదోని వచ్చాను. స్టాఫ్ రూములో అందరం బయటూరి వాళ్లమే. లెక్కల సారుది శ్రీకాకుళం, కెమిస్ట్రీ సారుది పాలకొల్లు, ఇంగ్లీషు మేడమ్‌లు ఇద్దరిదీ కేరళ. ఆదోని అసలే పత్తి మార్కెట్టున్న ఊరు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో దొర్లిపోతుంటాయి. అందుకని మా యాసల్నిగానీ మేడమ్‌ల మలయాళాన్నిగానీ ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు. మా మీద శ్రద్ధ పెట్టింది బడి వాచ్‌మన్ ఒక్కడే.

మా వసతి బడి మూడో అంతస్తులో. కింద పాఠాలు, పైన పంతుళ్లు. నా గది కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది. ఆ వరండాలోంచే టెన్త్ పిల్లలు తెల్లారకముందు స్టడీ అవర్‌కి పోతారు. న్యూటన్ మూడో సూత్రం ఎంత చెప్పినా గుర్తుండని పిల్లవాడు, "సార్, రాత్రి మీ రూములో మునక్కాయల పులుసు గదా" అని క్లాసులో లేచి చెప్పేవాడు.

ఒక రాత్రి పేపర్లు దిద్దుతూ ఒంటిగంట దాకా కూర్చున్నాను. పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్, "ఏం సార్, రాత్రంతా లైటు ఎలగతానే ఉండె. పానం బాగలేదా?" అన్నాడు. ప్రేయర్ అయ్యాక ప్రిన్సిపాల్ "నిద్ర పట్టడం లేదటగా" అన్నాడు. మధ్యాహ్నానికి కరస్పాండెంట్ గారింటి నుంచి గ్యాసు మాత్రలు వచ్చాయి. సాయంత్రం అకౌంటెంట్ వచ్చి కరెంటు బిల్లు ప్రస్తావన తెచ్చాడు. పొద్దుటి నుంచీ సాగిన పరామర్శలు ఎక్కడికి దారితీస్తున్నాయో అప్పుడు తెలిసింది.

ఆఫీసు గోడకి తాళంచెవుల బోర్డు ఉండేది. ఒక్కో మేకు కింద ఒక్కో చీటీ. "ఫిజిక్స్ ల్యాబ్", "ఫిజిక్స్ సార్", "ఆటల సామాన్లు" అని వరసగా. రెండో చీటీ నేనే. ఒక శనివారం మంత్రాలయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చి తలుపు తీస్తే, మంచం పక్కన బయాలజీ వాళ్ల అస్థిపంజరం నిలబడి ఉంది. భుజం మీద నా తువ్వాలు. కిందికి పరిగెత్తి అడిగాను. "స్టోరు రూము నిండిపాయె సార్. నాలుగు దినాలు మీకాడ పెట్టుకోండి" అన్నాడు వాచ్‌మన్. మరి తువ్వాలేమిటంటే, "ఉత్తగా చూస్తే జడుసుకుంటారని కప్పినాము" అన్నాడు.

2017 ఆగస్టు 24న, పుట్టస్వామి అనే రిటైర్డు జడ్జిగారు వేసిన కేసులో, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆ తీర్పు మా బడి దాకా వచ్చే ఉంటుంది. గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టమనేసరికి వెనక్కి పోయుంటుంది.

ఆ రిజిస్టరు మహా గట్టిది. పోయిన టైము, వచ్చిన టైము, కారణం. కేరళ మేడమ్ ఒకావిడ విసిగిపోయి కారణం గడిలో "ఆదివారం" అని రాసింది. సోమవారం దాని మీద విచారణ జరిగింది.

యాజమాన్యం లెక్క యాజమాన్యానిది. పైన ఉన్న పంతులు పొద్దున స్టడీ అవర్‌కీ దొరుకుతాడు, రాత్రి స్టడీ అవర్‌కీ దొరుకుతాడు. మధ్యలో మానేస్తానని అనలేడు. ఉద్యోగం మానాలంటే ముందు ఇల్లు వెతుక్కోవాలి. ఇల్లు వెతుక్కోవాలంటే గేటు దాటాలి. గేటు దాటాలంటే కారణం రాయాలి.

పోనీ నిజంగా ఉచితమా అంటే, అదీ కాదు. ఇలాంటి వసతిని ఆదాయపు పన్ను శాఖ జీతం కిందే జమకడుతుంది. భవనం యజమాని సొంతమైతే, 15 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో జీతంలో 5 శాతం అని 2023 సెప్టెంబరు నుంచి లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఆదోని లక్షా 66 వేలు. నా జీతానికి పన్ను కట్టే యోగం లేదు గనక బతికిపోయాను. ఉంటే, అస్థిపంజరం వాటా కూడా నేనే కట్టాల్సొచ్చేది.

ఈ సీమలోనే పరాయి దేశపు పంతుళ్లు దర్జాగా ఉన్న రోజులున్నాయి. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఐర్లండు నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి అతిథిగా వచ్చి, జనగణమన పాడి వినిపించాడు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసిపెట్టింది. అదే మా బడి అయితే?

"పేరు?"

"రవీంద్రనాథ్ ఠాగూర్."

"కారణం?"

"పాట."

"ఎనిమిది దాటె సామీ. రేపు రాపో."

రెండో ఏడు నన్ను ఎమ్మిగనూరు బ్రాంచికి మార్చారు. అక్కడ గదులు ఖాళీ లేవు, అద్దె డబ్బిస్తామన్నారు. చెవుల్లో తేనె పోసినట్టయింది. తీరా ఇల్లు వెతకబోతే ప్రతి గుమ్మంలోనూ మూడు ప్రశ్నలు. ఇంట్లోవాళ్లు వస్తారా? నీసు తింటారా? మీరు ఏమోళ్లు? ఫిజిక్స్‌లో నా మార్కులు ఎవరికీ అక్కర్లేదు. చివరికి మగ్గాల వీధిలో ఒక అవ్వ, "కరెంటు నీది, నీళ్లు మనవి" అని వెనకింట్లో దింపుకుంది.

మగ్గాల పేరు మీద బతికిన ఊరది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అవ్వ ఇంటి ముందరి గదిలో ఇప్పటికీ గుంట మగ్గం ఉంది. కొడుకు కాళ్లు గుంటలో, చేతులు నాడె మీద, కళ్లు వీధిలో. ఆదోనిలో నా ఇల్లు పోయి పనిలో కూర్చుంది. ఇక్కడ వీళ్ల పని వచ్చి ఇంట్లో కూర్చుంది. తలుపు మూసుకునే భాగ్యం ఇద్దరికీ లేదు.

అవ్వ దగ్గరా నా గది రెండో తాళంచెవి ఉంది. కుళాయి వచ్చిన రోజు నేను లేకపోతే తలుపు తీసి డ్రమ్ము నింపుతుంది, జొన్నరొట్టె మూతపెట్టి పోతుంది, నా జీతం ఎంతో వీధి వీధికీ చెప్తుంది. కానీ ఆమె గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయో, అల్లుడు ఏ పండక్కి అలిగిపోయాడో, కొడుక్కి ఎంత కూలి బాకీ ఉందో నాకూ తెలుసు. అడక్కుండానే చెప్పింది. వీధిలో అందరి గుట్టూ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరినీ బెదిరించలేరు. కరస్పాండెంట్ గారికి నా లైటు ఎప్పుడు ఆరుతుందో తెలుసు. ఆయన లైటు ఎప్పుడు ఆరుతుందో మాలో ఒక్కడికైనా తెలిస్తేనా!

మొన్న మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. అటువైపే ఉద్యోగం వచ్చిందట.

"అన్నా, వసతి తీసుకోనా, అద్దె అడగనా?"

"అద్దె అడుగు. ఇవ్వనంటే, గదిలో నీతోపాటు ఇంకెవరుంటారో కాగితం మీద రాయించుకో."

"షేరింగా అన్నా?"

"ఆఁ. బయాలజీ డిపార్టుమెంటుతో."