రికవరీ విద్య

మా దంతాలపల్లి వైపు పోలీసులు ఎవరినీ పట్టుకుపోరు, పిలుచుకుపోతారు. ‘పెద్దసారు మాట్లాడుతడట, ఇట్ల వచ్చి అట్ల పోదువు రా’ అంటారు. ఆ మాటల్లో లాఠీ పాత్ర కూడా ఉంటుంది. అది అరికాలినే ఎంచుకుంటుంది. మెజిస్ట్రేటు ముందు చెప్పుల్లో దాగే చోటు అదే మరి!

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని 1872 నుంచీ చట్టం మొత్తుకుంటోంది. మరి చెల్లని మాట కోసం లాఠీకి ఇంత అరుగుదల ఎందుకు? చట్టంలోనే చిన్న మినహాయింపు ఉంది. నిందితుడి మాటను బట్టి సొత్తు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. దాని ముద్దుపేరే రికవరీ. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టారన్నమాట.

విద్య పాతదే. శిస్తు వసూలుకు రైతులను ఎండలో నిలబెట్టేవారని, వంగోబెట్టి తాళ్లతో కట్టేవారని మద్రాసు ప్రెసిడెన్సీ చిత్రహింసల కమిషన్ 1855లోనే రాసింది. మనం నైజాం కింద ఉన్నాం కాబట్టి రిపోర్టు మన దాకా రాలేదు. విద్య మాత్రం వచ్చింది.

2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో మరియమ్మ అనే దళిత మహిళ ప్రాణం పోయింది. వంట చేసుకు బతికే ఆమె మీద నింద 2 లక్షల చోరీ. తర్వాత ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ల కొలువులు పోయాయి. ఆమె పిల్లలకు పరిహారం సర్కారు ఖజానా నుంచి వచ్చింది. రికవరీకని బయల్దేరితే చిల్లు పడింది ఖజానాకే!

2023లో మెదక్ పోలీసులు ఖదీర్‌ఖాన్‌ను గొలుసు దొంగ అనుకుని పట్టుకున్నారు. సీసీ కెమెరాలో పోలిక కనిపించిందట. పోలీసులు కొట్టారని ఆసుపత్రి మంచం మీద చెప్పి, ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. వీధి కెమెరాలకు పోలికలు కూడా కనపడతాయి. స్టేషన్ కెమెరాలకే అవసరం పడ్డ రోజున చూపు మందగిస్తుంది. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. కెమెరాకు లాకప్ భయం ఉండదా?

చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం పెట్టింది. ఆమోదముద్ర మాత్రం నేటికీ పడలేదు. తెల్లకాగితం మీద వేలిముద్ర ఒక్క రాత్రిలో రాబట్టే దేశం మనది. ఢిల్లీలో ఆ ముద్ర ఎక్కడ దాచారో రికవరీ చేసే స్టేషన్ మాత్రం ఇంకా కట్టలేదు.